రెండు వేళ్ల సందు

ఇది మధ్యాహ్నం రెండు గంటలప్పుడు జరిగింది. దెయ్యాలకి అర్ధరాత్రే కావాలని ఎవరు చెప్పారో గానీ, చెప్పినవాళ్లు అన్ని వైపులా మూసిన చెక్క గదిలో పట్టపగలు ఎప్పుడూ కూర్చుని ఉండరు.

మేస్త్రిగారి ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో రెండు చక్రాల ట్రైలరు, దాని మీద నేను నా చేతులతో కడుతున్న చిన్న చెక్క గది. కారు వెనక తగిలించి ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. క్యాంపర్ అంటారు. మా వదిన కోళ్లగూడు అంటుంది. పొడవు ఏడడుగులు, వెడల్పు నాలుగున్నర. కూర్చుంటే తల తగలదు, నిలబడితే తగులుతుంది. ఒక మంచం, ఒక అర, ఒక కిటికీ. నలభై మూడేళ్లొచ్చాక నాదని చెప్పుకోడానికి ఒక తలుపు కావాలనిపించింది, అంతే.

అనిపించడమే కాదు, అవసరమూ పడింది. అన్నయ్య వాళ్లతో కలిసి ఉంటున్న అద్దె ఇల్లు ఆ శనివారానికి ఖాళీ చెయ్యాలి. కొత్తది రెండే గదులు. ఒకటి వాళ్లకి, ఒకటి వదిన వాళ్లమ్మకి. నాకు హాల్లో సోఫా ఉందిగా అన్నాడు అన్నయ్య, రాజ్యం రాసిచ్చినట్టు. ఆ సోఫా మీద పొద్దున్నే పేపరు చదివేది ఆయన, రాత్రి పదకొండు దాకా సీరియల్ చూసేది వదిన. మధ్యలో నేను మడతపెట్టిన దుప్పటిని. శనివారం నా గదిలోకి నేను పోతానని ఇంటిల్లిపాదికీ చెప్పేశాను. చెప్పాక వెనక్కి తగ్గడం నాకు చేతకాదు.

మేస్త్రిగారు నలభై ఏళ్లు పడవలు కట్టిన మనిషి. డెబ్బై దాటాయి. చేతులు వణుకుతాయి, అందుకని రంపం నాకిచ్చి తను నోటితో పని చేయిస్తాడు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న బొమ్మల పుస్తకం చూసి సగం కట్టేశాక నేను ఈయన దగ్గరికొచ్చాను. పుస్తకం తిరగేసి, ఇది రాసినాయనకి చెమట పట్టదా అమ్మా అని అడిగి, నేను కట్టిన సగంలో సగం విప్పించాడు. చెడ్డవాడు కాదు. తప్పు చూసి ఊరుకోలేడు. తప్పు చెయ్యకుండా నేనూ ఉండలేను.

అసలు తప్పు గోడల దగ్గర చేశాను. గోడకి బయట మందపాటి ప్లైవుడ్, లోపల పల్చటి చెక్క, వేడి దిగకుండా ఆ రెండింటి మధ్యా రెండు వేళ్ల సందు. లోపలి చెక్క వెయ్యకముందే బయట నీళ్లు పోసి, ఎక్కడ కారుతోందో చూసి, అక్కడ సుద్దముక్కతో గుండ్రంగా గీసి, లప్పం పెట్టుకోవాలి. పడవల వాళ్ల పద్ధతి. ఆయన మూడుసార్లు చెప్పాడు. నాకేమో శనివారం తరుముకొస్తోంది. ఆయన లేని ఆదివారం పూట లోపలి చెక్క మొత్తం బిగించేశాను. అరవై నాలుగు స్క్రూలు. సోమవారం వచ్చి చూసి ఆయన ఒక్కో స్క్రూ తలనీ వేలితో నొక్కుకుంటూ పోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి బండిని షెడ్డులోంచి ఆరుబయటికి లాగి ఉంచాం, వాన పడింది. తెల్లారి చూస్తే మంచం కింద చెంబెడు నీళ్లు. ఎక్కణ్ణుంచి దిగాయో తెలీదు, నేను బిగించిన చెక్క అడ్డం. విప్పమన్నాడు. విప్పనన్నాను. విప్పి మళ్లీ బిగిస్తే రెండు రోజులు మట్టిగొట్టుకుపోతాయి, ఆపైన తలుపు పని ఉండనే ఉంది. తలుపు బిగించడం నాకు రాదు, ఆయన దగ్గరుండి చేయించాల్సిందే.

అప్పుడు ఇంకో దారి చెప్పాడు. ఒకరు లోపల కూర్చోవాలి. తలుపు వచ్చే చోట ఒక పలక, కిటికీ కంతకి ఒక అట్టముక్క అడ్డం పెట్టాలి, గాలి చప్పుడు లోపలికి రాకుండా. ఇంకొకరు బయట గొట్టంతో ఒక్కో చోటా నీళ్లు పోసి, అక్కడ ఒకసారి తట్టాలి. లోపలివాళ్లు చెక్కకి చెవి ఆనించి వినాలి. సందులో చుక్క పడితే ఒకసారి తట్టాలి. పడకపోతే రెండుసార్లు. ఒకటి వినపడిన చోట బయటివాళ్లు సుద్దతో గీస్తారు. ఆయనకి చెవులు మందం. అయినా చెక్క మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, దెబ్బ తెలుస్తుందన్నాడు.

లోపల కూర్చున్నాను. కొత్త చెక్క వాసన, జిగురు వాసన, నా చెమట వాసన. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. చుట్టూ గొట్టం నీళ్లు గోడల మీద పాకుతున్న చప్పుడు...

ఠక్. ఆయన. విన్నాను. ఏమీ లేదు. ఠక్, ఠక్ అని జవాబిచ్చాను. ఇంకో చోట, మళ్లీ రెండు. నాలుగో చోట సందులో స్పష్టంగా చుక్క పడింది. ఒక్కసారే తట్టాను. అలా మొత్తం ఏడు చోట్ల.

బయటికొచ్చి చూస్తే ఆయన సంతోషంగా గొట్టం చుట్టేస్తున్నాడు. చేతిలో సుద్దముక్క విరగకుండా అలాగే ఉంది. ఒక్క గీత గీయలేదు. ఆయనకి అందినవన్నీ రెండేసి దెబ్బలేనట.

ఇక మా ఇద్దరికీ వాదన పట్టుకుంది. చెవులతో పాటు అరచెయ్యి కూడా ముసలిదైందన్నాను. తను చిన్నప్పట్నుంచీ చెక్కతోనే మాట్లాడుతున్నాననీ, మనుషులతో మాట్లాడ్డమే ఈమధ్య మొదలెట్టి తప్పుచేశాననీ ఆయన అన్నాడు. బుధవారం మళ్లీ చేశాం. రెండుసార్లు. నేను ఏడు అంటాను, ఆయన సున్నా అంటాడు. సాయంత్రానికి మంచం కింద నీళ్లు మాత్రం ఠంచనుగా హాజరు. ఇంటికెళ్తే వదిన నా పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతూ, కోళ్లగూట్లోకి బాతుల్ని కూడా తెచ్చుకుంటావా అనడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. అరవై నాలుగు స్క్రూలూ ఆవిడ నోటికే బిగిస్తే సరిపోయేదనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం స్థలాలు మార్చుకుందామన్నాను. ఆయన లోపల, నేను బయట. ఎవరి చెవులు ఎలాంటివో తేలిపోతుంది. ఆయన గొణుక్కుంటూ లోపలికెక్కి గోడకి చేరబడి కూర్చున్నాడు. పలక అడ్డం పెట్టాను.

మబ్బు పట్టిన మధ్యాహ్నం. పక్షి కూడా అరవట్లేదు. మొదటి మూలన నీళ్లు పోసి తట్టాను.

ఠక్, ఠక్.

నా వేలు చెక్క మీంచి లేచీ లేవకముందే. వినడానికి టైమేదీ, అనుకున్నాను. పక్కకి జరిగాను. తట్టాను. ఠక్, ఠక్. వెనక గోడ... ఠక్, ఠక్. కప్పు అంచు... ఠక్, ఠక్. పని తప్పించుకోడానికి ముసలాయన గబగబా కొట్టేస్తున్నాడని ఒళ్లు మండింది. సరే చూద్దామని గొట్టం తీసుకెళ్లి కిటికీకి పెట్టిన అట్ట మీద తిన్నగా పట్టాను. అట్ట తడిసి, ఉబ్బి, ఊడి లోపలికి పడిపోయింది. నీళ్లు ధారగా లోపలికి పోతున్నాయి. తట్టాను.

ఠక్, ఠక్.

గొట్టం పారేసి పలక లాగేశాను. ఆయన మోకాళ్ల దాకా తడిసి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని ఉన్నాడు, చలికి దాచుకున్నట్టు. బయటికి రమ్మంటే రాలేదు. నా వైపు వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

"నేను ఒక్కసారి కూడా తట్టలేదమ్మా."

"మరి?"

"నేను చెయ్యెత్తేలోపే అది తట్టేస్తోంది."

ఏది అని అడగలేదు. ఎక్కణ్ణుంచి అని అడిగాను. ఆయన చంకలోంచి ఒక చెయ్యి తీసి, తను చేరబడ్డ గోడనీ, ఎదురు గోడనీ, కప్పునీ చూపించాడు. నా వైపు కాదు. తన వైపు కాదు. మధ్యలో.

ఎలుక అన్నాను. ఎలుక లెక్కపెట్టదన్నాడు. పాత చెక్కల్లో ఏవేవో ఉంటాయని మనసులో కూడా అనుకోడానికి లేదు, షీట్లన్నీ కొత్తవి, నేనే టింబరు డిపో నుంచి మోయించుకొచ్చాను. వదిలెయ్ అమ్మా, అవతల పారేద్దాం, ఇంకోటి కట్టుకుందువు గాని, అన్నాడు. అప్పటికి నాకు భయం కంటే కోపమే ఎక్కువ. ఇంకోటి కట్టేదాకా నేను ఏ సోఫా మీద పడుకోవాలో దాన్నే అడగమన్నాను. స్క్రూడ్రైవరు తీశాను.

ఒక్కో స్క్రూ విప్పుతున్నాను. ఇరవై... ముప్ఫై... చెక్క మీద చెంప ఆనింది. అవతల ఏ చప్పుడూ లేదు. ఊపిరి బిగబట్టుకున్నప్పుడు ఉండే నిశ్శబ్దం... మనది కాదు, అవతలివాళ్లది.

మొదటి చెక్క ఊడొచ్చింది. టార్చి వేశాను.

బయటి ప్లైవుడ్‌కి లోపలి ముఖం మీద, తెల్లగా, సుద్దతో గీసిన గుండ్రం. అరచేతంత ఉంది. మొదలెక్కడో చివరెక్కడో తెలీనంత శుభ్రంగా ఉంది. సరిగ్గా దాని మధ్యలోంచి నీటి చుక్క ఊరుతోంది. నీళ్లు గీత మీంచి కారుతున్నా గీత చెరగలేదు.

అన్ని చెక్కలూ విప్పాం. ఏడు గుండ్రాలు. ఏడు కారే చోట్లు. నేను లెక్కపెట్టినవే. ఆదివారం నేను చెక్క బిగించేటప్పుడు అక్కడేమీ లేదు, గుడ్డతో తుడిచి మరీ బిగించాను. ఆ సందులో నా చెయ్యే మణికట్టు దాకా దూరదు. మా సుద్దముక్క నా జేబులో ఉంది. ఇంకా విరగలేదు.

"ఎక్కడ కారుతోందో దానికి తెలుసు," అన్నాను. "తెలిసి కూడా పొడి అని ఎందుకు చెప్పింది?"

ఆయన టార్చి అందుకుని ఒక్కో గుండ్రం మీదా వేసి చూశాడు.

"మనం పూడ్చేస్తామని," అన్నాడు మెల్లగా. "అవి దాని దార్లు."

పూడ్చాం. ఆయన చేతులు ఎలాగూ వణుకుతాయి, నాకు లప్పం పని కొత్త, నలుగు పిండి పూసినట్టు ఒళ్లంతా లప్పం చేసుకున్నాం. ఏడూ పూడ్చాక నేను బయట మళ్లీ నీళ్లు పోశాను. చుక్క దిగలేదు. అలవాటుకొద్దీ గోడ మీద తట్టాను. జవాబు రాలేదు. ఇంకోసారి తట్టాను. చుట్టూ తిరిగి అన్ని వైపులా తట్టాను. ఒట్టి చెక్క.

"పోయిందమ్మా," అన్నాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. ఎటు పోయిందని నేనడగలేదు. రేపు పొద్దున్నే తలుపు బిగించేద్దామన్నాడు. ఎల్లుండి శనివారం. లోపలి చెక్కలు నేను రాత్రులు బిగించుకోవచ్చు. తలుపొక్కటి ఉంటే చాలు, నేను మాట తప్పినదాన్ని కాను.

ఆయన పనిముట్ల సంచీ ఎత్తుకుని అటు తిరిగాడు.

వీపు మీద, రెండు రెక్కల ఎముకల మధ్య, వెలిసిపోయిన నీలం చొక్కాలోంచి తెల్లగా ఒక గుండ్రం. అరచేతంత.

గోడకి చేరబడ్డాడు కదా, అంటుకుని ఉంటుందిలే అనుకున్నాను. ఆ గుండ్రాలకీ ఆయనకీ మధ్య అప్పుడు లోపలి చెక్క ఉందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. దగ్గరికెళ్లి, దుమ్ము దులుపుతున్నట్టు అరచేత్తో తుడిచాను. నా చేతికి ఏమీ అంటలేదు. బొటనవేలితో గట్టిగా రుద్దాను. గరుకుగా తగిలింది... బట్టకి అవతలి వైపు. చొక్కాకీ ఒంటికీ మధ్య.

"ఏంటమ్మా?"

చెప్పాలి. నాకు తెలుసు. చెబితే ఈయన రేపు రాడు. ఆ బండి దగ్గరికి ఇంకెప్పుడూ రాడు.

"ఏం లేదు మేస్త్రిగారూ, రంపప్పొట్టు," అన్నాను. "పొద్దున ఎనిమిదింటికల్లా మొదలెడదాం."

సరేలే అన్నాడు. పెరట్లోంచి ఇంటి వైపు నడుస్తూ, కుడిచెయ్యి వెనక్కి తిప్పి, వీపు మీద అందని ఆ చోటుని అందుకోడానికి చూస్తున్నాడు.