చెయ్యని సైగ

మొదటి రోజే తిట్లు పడ్డాయి. తప్పు మాత్రం తేనెటీగది.

క్రేన్ కొక్కేనికి ఓ గది అంత కాంక్రీట్ బ్లాకు వేలాడుతోంది. కింద సగం లేచిన డ్యామ్ మీద నిలబడి, దాన్ని ఎటు దించాలో చేతులతో చెబుతున్నాడు కొత్తగా చేరిన కుర్రాడు. ముక్కు మీద వాలబోయిన తేనెటీగను రెండు చేతులూ ఊపి తోలాడు. క్రేన్ భాషలో ఆ ఊపుడికి ‘ప్రమాదం, ఆపెయ్’ అని అర్థం. బ్లాకు ఠక్కున గాల్లోనే ఆగింది.

దాన్ని క్షేమంగా దించాక, అంత పొడుగు నిచ్చెనా దిగి ఆపరేటరే వచ్చింది. హెల్మెట్ తీస్తే జడ జారింది.

“పైనుంచి నాకు మీ మొహం కనపడదు. చేతులే కనపడతాయి. వాటిని నమ్ముకునే ఇంత బరువు దించుతున్నాను. ఈసారి ఈగల్ని తోలాలంటే తల ఊపుకోండి,” అంది.

కుర్రాడు అప్పుడే తల ఊపేశాడు. అంత అందంగా తిట్టేవాళ్లను అతడు అంతకుముందు చూడలేదు మరి.

ఆనాటి నుంచి అతడి పేరు సైగలబ్బాయి. చేతులకు బుద్ధొచ్చింది. అవతలి గట్టున యార్డులో అచ్చుల్లో పోసిన బ్లాకులు, గట్టిపడ్డాక ట్రైలర్ల మీద వచ్చేవి. ఒకదాని గాడిలో మరొకదాని అంచు కూర్చోవాలి. అతడి వేలు ఎంత కదిలితే ఆమె అంతే దించేది. కూర్చున్నాక చూస్తే సూది దూరే సందు ఉండేది కాదు. చీఫ్ ఇంజనీరు అంతటాయన కూడా చేతిలో టీ చల్లారిపోతున్నా చూస్తూ నిలబడేవాడు.

భోజనాల దగ్గర ఆమె ఎదురుగా కూర్చుని, ఈగలు కులాసానా అని అడిగేది. అతడు బుద్ధిగా తల ఊపేవాడు. మనసులో మాట మాత్రం గొంతు దాటేది కాదు.

చిక్కల్లా ఈ పద్ధతితోనే. పాతకాలంలోలా కాంక్రీట్ అక్కడికక్కడే పోసుకుంటూ పోతే, ప్రేమించడానికి ఏళ్లకేళ్లు తీరిక దొరికేది. ఈ బ్లాకుల డ్యామ్ కళ్లముందే చకచకా లేచిపోయింది. వానలు పడేలోపే ఆఖరి బ్లాకు వచ్చేసింది. రేపు క్రేన్ విప్పేస్తారు. దాంతోపాటు ఆమె, సైట్ ఫోర్‌మన్ అయిన వాళ్ల నాన్న వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోతారు.

సన్నగా తుంపర మొదలైంది. ఆఖరి బ్లాకు దిగింది, గాడిలో ఒద్దికగా కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక ఛాతీ ముందు రెండు చేతులూ కలిపితే ‘పని అయిపోయింది’ అని. ఆ సైగ చేసేదాకా ఆపరేటర్ సీటు వదలకూడదు.

సైగలబ్బాయి చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

అతడి నడుముకున్న వాకీటాకీలో ఆమె గొంతు గరగరమంది. “అయిపోయింది కదా, సైగ చెయ్యండి.”

“చెయ్యను.”

“ఏం?”

“చేస్తే మీరు దిగి వెళ్లిపోతారు. నాకది ఇష్టం లేదు. మీరంటే ఇష్టం.”

అన్నాక గుర్తొచ్చింది అతడికి, ఆ మాట సైట్‌లో ప్రతి వాకీటాకీలోనూ వినిపిస్తుందని. చప్పట్లు ఆగిపోయాయి. అందరూ తలెత్తి క్రేన్ వైపు చూశారు.

అప్పుడు ఫోర్‌మన్ గొంతు వినిపించింది. “అమ్మాయీ, ఏమంటావే?”

“వచ్చే సైట్‌లో కూడా నాకు ఈ చేతులే కావాలి నాన్నా.”

ఫోర్‌మన్ గొంతు సవరించుకున్నాడు. “అల్లుడూ, అయితే ఆ సైగేదో చేసెయ్. అందరం భోజనాలకు పోవాలి.”

ఇన్నాళ్లూ వెంట్రుకంత తేడా రానివ్వని చేతులు వణుకుతూ వణుకుతూ కలుసుకున్నాయి.

“సరిగ్గా కనపడలేదు,” అంది ఆమె నవ్వాపుకుంటూ. “మళ్లీ చెయ్యి.”