మూడేళ్లుగా అందుకోని రొట్టె

“నాలుగు విజిళ్లు రానియ్యమంటే మూడింటికే దించినవ్! ఈ మాంసం నమలడానికి నాకు పండ్లు ఎక్కడున్నయే, ఫ్లోరెన్సూ?” వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్న మరియమ్మ కోడల్ని నిలదీసింది.

“నాలుగు రానిస్తే పీచు పీచయితది, అత్తమ్మా! పోయినసారి గట్లయిందని మీరే గిన్నె పక్కకు నెట్టిన్రు.”

“నెట్టింది ఉప్పెక్కువైందని!”

“ఆ ఉప్పేసింది మీరే కద!”

చర్చి నుంచి వచ్చి హాల్లో బూట్లు విప్పుతున్న జయరాజ్ నవ్వాడు. “ఇంకొక్క విజిల్‌తో ఇంట్ల శాంతి వస్తదంటే పెట్టున్రి పొయ్యి మీద!”

ఫ్లోరెన్స్ నవ్వలేదు. కుక్కర్ మూత మళ్లీ బిగించింది. పోట్లాట మాంసం గురించి కాదని అత్తకూ తెలుసు, కోడలికీ తెలుసు... మూడేళ్ల తర్వాత ఈ ఇంటి ఆడపడుచు సంగీత టేకులపల్లిలో బస్సెక్కింది! ఆమె కూతురు భానుకు ఖమ్మంలో నర్సింగ్ సీటొచ్చింది, హాస్టల్లో చోటు దొరకలేదు. పిల్లను ఉంచుకుంటారేమో అడగడానికి ఆ ఊళ్లోనే ఉన్న అన్న జయరాజ్ ఇంటికి వస్తోంది. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నది ఒక్కటే గది... శ్రావణి గది!

మూడేళ్ల కిందట వేసవి సెలవులకు ఫ్లోరెన్స్ కూతురు, పదేళ్ల శ్రావణి, మేనత్త ఊరు టేకులపల్లికి వెళ్లింది. అడవి అంచున ఇల్లు. నేల మీద చాపేసుకుని పడుకున్న పిల్ల తెల్లవారుజామున కడుపునొప్పంటూ లేచింది. సంగీత తమ చర్చి పాస్టరు అయ్యగారిని పిలిపించి, నుదుట నూనె రాయించి, ప్రార్థన చేయించింది. ప్రార్థన ముగిసేసరికి పిల్ల రెప్పలు వాలిపోయాయి. దవాఖానాకు చేరేసరికి ఊపిరే లేదు... కట్లపాము కాటని అక్కడ చెప్పారు. ఆ రోజు నుంచి ‘ప్రార్థన పేరుతో మేనకోడల్ని పొట్టన పెట్టుకున్న మనిషి’ అన్న పేరు సంగీతకు స్థిరపడిపోయింది! పదిహేనేళ్లుగా పిల్లలకు బైబిలు చెబుతూ ఆమె నడిపిన సండే స్కూలును అక్కడి చర్చి సంఘం ఆమె చేతిలోంచి తీసేసింది. కన్నతల్లి మరియమ్మ కూడా మళ్లీ ఆ కూతురి గడప తొక్కలేదు.

కానీ అయ్యగారిని పిలవక ముందు సంగీత ఒక ఫోన్ చేసింది. “వదినా, పిల్ల కడుపునొప్పంటున్నది... కాలికేదో కుట్టినట్టున్నది. బండి మాట్లాడి దవాఖానకు తీసుకపోనా?” నిద్రమత్తులో ఉన్న ఫ్లోరెన్స్, “మామిడికాయలు తిని ఉంటదిలే. అయ్యగారితో నూనె ప్రార్థన చేయించు, తగ్గుతది. తెల్లారినంక చూద్దాం” అని పెట్టేసింది. కండక్టర్ ఉద్యోగం చేసే జయరాజ్ ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాడు. ఆ మాట వదినామరదళ్లకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు!

నెలనెలా మొదటి ఆదివారం ఖమ్మం చర్చిలో ప్రభువు బల్ల జరుగుతుంది, రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. మనసులో ఎవరితోనైనా పొరపొచ్చాలు ఉన్నవాళ్లు సమాధానపడి వచ్చాకే రొట్టె అందుకోవాలని వారం ముందే చెబుతారు. మూడేళ్లుగా ఫ్లోరెన్స్ అందుకోవడం లేదు. ఆడపడుచును క్షమించలేకపోతోందని సంఘమంతా ఆమె మీద జాలిపడింది... కడుపుకోత కదా! ఈ పొద్దున కూడా ఇక్కడి అయ్యగారు చర్చి గుమ్మం దగ్గర ఆపి, “శిష్యులమని చెప్పుకుంటే క్షమించక తప్పదమ్మా” అన్నారు. తాను క్షమించేందుకు ఏముందని! తలొంచుకుని వచ్చేసింది. నిజం చెబితే జయరాజ్ జీవితంలో మళ్లీ తన ముఖం చూస్తాడా? ఆ ఒక్క భయం మూడేళ్లుగా ఆమె నోరు నొక్కేసింది.

పన్నెండు దాటాక తల్లీకూతుళ్లు వచ్చారు. భాను బ్యాగుతో హాల్లోకి వెళ్లింది. సంగీత మాత్రం వెనక వాకిట్లోంచి వచ్చి, గిన్నెలు తోమే చప్టా దగ్గరే నిలబడింది. నలభై నిండకుండానే తల నెరిసిపోయింది.

“వందనాలు, వదినా.”

“లోపలికి రా, సంగీతా...”

“అమ్మ చూపు తట్టుకోలేను. భానును ఉంచుకోవడం నీకు కష్టమైతే చెప్పు, మూడింటి బస్సుకు పోతం. నిన్నేం అనుకోను.”

ఫ్లోరెన్స్ గుమ్మం దిగి చప్టా దగ్గరికి వచ్చింది. “ఆ ఫోన్ సంగతి... ఒక్కళ్లకన్నా ఎందుకు చెప్పలే?”

“ఎవరికి చెప్పాలె? అన్నకా?” సంగీత అంట్లగిన్నె చేతిలోకి తీసుకుని నెమ్మదిగా తోమసాగింది. “బిడ్డను పోగొట్టుకున్న తల్లివి. ఆ మాట కూడా నీ మీద పడితే బాయిల దూకేదానివి. నా మీద పడ్డది... నాకు భాను ఉన్నది, బతికిన.”

“సండే స్కూలు తీసేసిన్రంట...”

“అవ్! అదొక్కటే ఏడిపించింది, వదినా...” ఆమె కళ్లు నిండాయి. “సిలువ మోయాలెనని పిల్లలకు పదిహేనేండ్లు నేనే చెప్పిన. నా వంతు వచ్చినప్పుడు బరువున్నదని దించుతనా?”

ఫ్లోరెన్స్ ఆమె చేతిలోంచి గిన్నె తీసి పక్కన పెట్టింది. నెలకోసారి తాను వదులుకున్నది ఒక రొట్టె ముక్క... ఈమె వదులుకున్నది తన మంచి పేరంతా!

చెయ్యి పట్టుకుని ఆడపడుచును లోపలికి తీసుకొచ్చింది. హాల్లో చాపలు వేసి అందరూ భోజనానికి కూర్చున్నారు. జయరాజ్ ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్న నోటితోనే మరియమ్మ కూతురి మీద విరుచుకుపడింది.

“నా మనుమరాలి మంచం మీద నీ బిడ్డను పండబెడదామని వచ్చినవా! ఈ ఇంట్ల నీకు ముద్ద ఎట్ల దిగుతున్నదే?”

సంగీత కంచంలోంచి చెయ్యి తీసేసింది. భాను పెదవులు బిగబట్టి తల్లిని ఆనుకుంది.

“ఊకో, అమ్మా” అన్నాడు జయరాజ్. “ఫ్లోరెన్స్ ఎట్లంటే అట్ల.”

ఫ్లోరెన్స్ గరిటె కింద పెట్టింది.

“సంగీతను ఏమనకున్రి, అత్తమ్మా. దవాఖానకు తీసుకపోనా అని నాకు ఫోన్ చేసి అడిగింది. వద్దన్నది నేను! నూనె ప్రార్థన చేయించుమన్నదీ నేనే. నా తప్పును తన నెత్తిన పెట్టుకొని మూడేండ్లు మోసింది... నేను చూసుకుంట కూసున్న!”

మరియమ్మ చేతిలోని ముద్దను కంచంలో వదిలేసింది. జయరాజ్ భార్య వైపు ఒక్క క్షణం చూసి, ముఖాన్ని గోడవైపు తిప్పుకున్నాడు. ఏ క్షణానికి ఇన్నేళ్లూ వణికిందో, అదే వచ్చింది! ఫ్లోరెన్స్ చెంపల మీదుగా కన్నీళ్లు ధారలు కట్టాయి. గొంతు మాత్రం నిలకడగానే ఉంది.

“భాను శ్రావణి గదిలనే ఉండి చదువుకుంటది. వచ్చే ఆదివారం నేను టేకులపల్లి పోత. వాళ్ల సంఘంల అందరి ముందల నిలబడి ఇదే మాట చెప్త, సండే స్కూలు పిల్లల్ని సంగీతకు మళ్లీ అప్పజెప్పమని అడుగుత. ఆ తర్వాత మన సంఘంల చెప్త.” ఆమె భర్త కంచంలో అన్నం వడ్డించి, కూర పోసింది. “మీరు నాతోని వస్తే సంతోషం. రాకున్నా మిమ్మల్నేమీ అనను... ఒక్కదాన్నే బస్సెక్కుత.”