గోడకు నోరుంది

ఆ గుమ్మటం కింద చచ్చిన మనిషి కన్నా అతని కేక కాసేపు ఎక్కువ బతికింది. పై వరండా నుంచి ఎవరో తోసేశారు. ఒళ్లు నేలను తాకి కదలడం మానేశాక కూడా కేక గోడ చుట్టూ తిరుగుతూనే ఉంది.

"మనవాడే," అన్నాడు పెద్దాయన. గూఢచారుల డిపార్ట్‌మెంట్‌కి బాస్ ఆయన. "పోయే ముందు రిపోర్ట్ పంపాడు. కూర్చో."

డేగ కూర్చోలేదు. ఆ పేరు పెట్టిన రోజుల్లో ఒంట్లో చురుకుండేది. ఇప్పుడు కూర్చుంటే మోకాళ్లు లేవనివ్వవు.

"ఇవాళే మిషన్. ఏవేవో దేశాల మంత్రులు గుమ్మటం చూడ్డానికి వస్తున్నారు. నేల కింద ఓ ముఠా బాంబ్ పెట్టింది. లోపల మన జామర్లే ఉంటాయి కాబట్టి రిమోట్ పనిచెయ్యదు. వైర్ లాగి, స్విచ్ పై వరండాలో పెట్టారు."

"విజిట్ ఆపించండి సార్."

"చెప్పి చూశాను. కార్లు బయల్దేరాయి. మన మాట కన్నా ఫోటోగ్రాఫర్ల మాటకి విలువెక్కువ."

"సిగ్నల్ ఎలా?"

"గోడే సిగ్నల్. అక్కడ గోడకి నోరానించి గుసగుసలాడితే అవతలి వైపు వాడికి వినబడుతుందట. 'దుమ్ము దిగింది' అంటే నొక్కమని. 'దుమ్ము లేచింది' అంటే వదిలేసి పారిపొమ్మని. రెండోసారి కూడా వింటేనే నొక్కుతాడు. పొరపాటు జరక్కుండా."

"చెప్పేదెవరు?"

"ఆడమనిషి. అంతవరకే రాయగలిగాడు."

డేగ ఖాకీ బట్టలు వేసుకుని, చీపురు పట్టుకుని వరండా ఊడ్చేవాడి వేషంలో పైకెక్కాడు. చీపురు కర్రలో పిస్టల్. చెవిలో పెట్టిన యంత్రం, జామర్ల పుణ్యమా అని, గుమ్మం దాటగానే చెవిటిదైపోయింది.

చచ్చాక కూడా తన మాట వినబడాలని ఎవరో రాజు కట్టించాడట ఆ గుమ్మటం. రాళ్లు మోసినవాళ్ల పేరు ఏ రాయి మీదా లేదు. కప్పు మీద రంగు వెలిసిన నక్షత్రాల బొమ్మలు. కిటికీల్లోంచి మధ్యాహ్నపు ఎండ పడుతున్నా గోడ మాత్రం శవంలా చల్లగా ఉంది. రిపేర్ల పేరుతో వరండా పొడుగునా గుడ్డలు కట్టారు. ఏ గుడ్డ వెనక ఎవరున్నారో తెలీదు.

కింద గైడ్ చెబుతున్నాడు. "ఇక్కడి గుసగుస సరిగ్గా ఎదురుగా ఉన్నవారికే వినబడుతుంది. మధ్యలో ఇంకెవరికీ వినబడదు."

గైడ్లంతా అదే చెబుతారు. ముఠా కూడా అదే నమ్మింది.

మంత్రులు లోపలికొచ్చారు. బూట్ల చప్పుడు పైకి లేచింది. మోకాళ్లు లాగేస్తుంటే డేగ గోడకి ఆనుకున్నాడు. చెవి రాతికి తగిలింది.

"చ్," అంది గోడ.

అతని చేతిలోంచి చీపురు జారింది.

నాలుక అంచున ఆ చప్పుడు చెయ్యకుండా మాట మొదలుపెట్టని మనిషి ఒక్కతే. చ్, లైటార్పారా. చ్, మోకాళ్లకి నూనె రాసుకున్నారా. ఆవిడా డిపార్ట్‌మెంట్ ఏజెంటే. మూడేళ్ల కిందట కాలిపోయిన కారులోంచి ఆవిడ పెళ్లి ఉంగరం తీసి అతని చేతిలో పెట్టారు. అది ఇప్పటికీ జేబులో ఉంది.

"దుమ్ము దిగింది," అంది గోడ.

ఎదురుగా ఉన్నవాడికే కాదు, గోడకి చెవి ఆనించిన ప్రతివాడికీ వినబడుతుంది. గుసగుసకి గొంతుండదు. ఆడా మగా తేడా ఉండదు. డేగకి ఈ రెండూ ఒక్కసారే అర్థమయ్యాయి. రెండో పిలుపుకి ముందు ఒక్క ఊపిరి వ్యవధి. రాతికి పెదాలు ఆనించి, ఏళ్ల తరబడి తన ఇంట్లో విన్న చప్పుడు తానే చేశాడు.

"చ్. దుమ్ము లేచింది."

రెండోసారి 'దిగింది' అంటే అందరూ బూడిదే. ఆవిడకి తెలుసు. ఆ మాటన్నది ఎవరో కూడా తెలిసే ఉంటుంది.

అయినా గోడ పలకలేదు.

ఎదుటి గుడ్డ వెనకనుంచి సున్నం బకెట్ దొర్లిన చప్పుడు. మేస్త్రీ వేషంలో ఉన్నవాడు స్విచ్ వదిలేసి పరుగెత్తి, మెట్ల మీద గార్డుల చేతుల్లో పడ్డాడు. కింద మంత్రులు చప్పట్లు కొట్టారు. గైడ్ వాళ్లకి ప్రతిధ్వని చూపిస్తున్నాడు మరి.

పెద్దాయన రొప్పుతూ పైకొచ్చాడు. "ఆడమనిషేది?"

డేగ ఒక్కొక్క గుడ్డా లాగాడు. చివరి దాని వెనక మేకుకి ఆడవాళ్ల నీలం కోటు వేలాడుతోంది. ఇంకా ఊగుతోంది. గాలి లేదు.

"వాడు తప్ప ఎవరూ దిగలేదు సార్," అన్నాడు మెట్ల దగ్గర గార్డు. "ఉన్న దారి ఇదొక్కటే."

"మరి మాట్లాడిందెవరు?"

"చచ్చిపోయిన మనిషి. ఆవిడ పోయిందన్న ఫైల్ మీద సంతకం మీదే సార్."

పెద్దాయన కోటు వంక చూసి, మెట్లు దిగిపోయాడు.

డేగ మళ్లీ గోడకి చేరగిలబడ్డాడు. పెళ్లయినప్పటి నుంచి ఏ గొడవలోనూ ఆఖరి మాట అతనిది కాలేదు. ఇవాళ్టికి అయిందనుకున్నాడు.

"చ్," అంది గోడ. "నూనె రాసుకోవడం మానేశారు కదూ?"