ఏడో బ్రిడ్జిలో నల్లగడి

చీకటి పడ్డాక ఆ ఆఫీసులో ఏడో బ్రిడ్జి జోలికి ఎవరూ వెళ్లేవారు కాదట.

బ్రిడ్జి అంటే ఏటి మీద వంతెన కాదు. ఎక్కడెక్కడో ఉన్న శాఖలవాళ్లు వీడియోలో ఒకచోట కలుసుకునే లైను. ఆ సంస్థకి అలాంటివి ఏడున్నాయి. ఏది ఎవరికి, ఎన్నింటికి ఇవ్వాలో రాసిపెట్టి, అందరినీ కలిపి, మీటింగు ముగిసేదాకా కాపలా కాసేది ఒకావిడ. ఆఫీసంతా ఆవిణ్ని బ్రిడ్జమ్మ అనేది.

మొదటి ఆరూ బుద్ధిమంతులే. ఏడోదే... రాత్రి తొమ్మిదయ్యేసరికి తెర మీద ఒక గడి ఎక్కువ వచ్చేది. పేరుండదు. మొహం ఉండదు. నూతిలోకి తొంగిచూసినట్టు నలుపు. ముందు ఒక నిట్టూర్పు. కాసేపటికి — కటుక్కు... కటుక్కు... ఎముకలు విరుస్తున్న చప్పుడు.

తీసేస్తే పోయేది. నిమిషం తిరక్కుండా మళ్లీ వచ్చి కూర్చునేది.

దీనికి కాళ్లూ చేతులూ తగిలించి ఊరేగించింది కొనుగోళ్ల మేనేజరు. ఎప్పుడో మీటింగు మధ్యలోనే ప్రాణం పోయిన గుమాస్తా ఒకడు మాట్లాడేందుకు ఇంకా తన వంతు కోసం కూర్చున్నాడని చెప్పేవాడు. దాంతో రాత్రిళ్లు అందరూ ఏడుని వదిలేశారు.

సంగతి పెద్దమేడం దాకా పోయింది. సంస్థకి ఆవిడే పెద్ద. కొనుగోళ్ల మేనేజరు సందు చూసుకుని, బ్రిడ్జిల పని బయటి కంపెనీకి అప్పగిస్తే పీడ విరగడవుతుందన్నాడు. సరే, ఈ రాత్రి మీటింగు ఏడులోనే పెట్టమంది మేడం. నల్లగడి వచ్చిందా, పని బయటికి పోయినట్టే.

పని బయటికి పోతే బ్రిడ్జమ్మ ఉద్యోగమూ పోయినట్టే. మొగుడు లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే. ఇంట్లో తనూ, అత్తగారూ. ఈ ఉద్యోగంతోనే ఇల్లు గడుస్తోంది. పిలవాల్సినవాళ్ల జాబితా పదిసార్లు చూసుకుంది. పదకొండు మంది. పన్నెండో పేరు లేదు.

తొమ్మిదికి రెండు నిమిషాలు తక్కువ. ఒక్క లైటు వెలుగుతున్న తన గదిలో కూర్చుని, ఎప్పటిలాగే, "అందరికీ నమస్కారమండీ, నా గొంతు వినబడుతోందా?" అంది.

పదకొండు గళ్లు వెలిగాయి. తొమ్మిదైంది... ఏమీ లేదు. అమ్మయ్య అనుకుంది.

అనుకుందో లేదో — పన్నెండో గడి.

నిట్టూర్పు.

కటుక్కు...

గబుక్కున తీసేసింది. మళ్లీ వచ్చింది. తీసేసింది. మళ్లీ...

కొనుగోళ్ల మేనేజరు గొంతు సవరించుకున్నాడు. చూశారుగా మేడం, బయటివాళ్లయితే దీన్ని చిటికెలో సరిచేస్తారు, కాగితాలు మీ ముందే ఉన్నాయి, సంతకమే తరువాయి అన్నాడు. మేడం కలం తీసింది.

కటుక్కుమనడం ఆగిపోయింది. నల్లగడిలోంచి మెల్లగా, చెవిలో చెప్పినట్టు, ఒక ఆడగొంతు —

"ఆ కంపెనీ... నీ బావమరిదిదే కదూ, నాయనా?"

ఏ గడిలోనూ ఎవరూ కదల్లేదు. లైనే ఆగిపోయిందేమో అనుకుంది బ్రిడ్జమ్మ.

"సంతకం పడేదాకా నోరు మెదపకు అన్నావుగా అతనితో... మొన్న రాత్రి... ఇక్కడే..."

మేనేజరు మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. ఇక్కడ దెయ్యం లేదని గట్టిగా నమ్మినవాడు అతనొక్కడే. నలుగురూ భయపడి రాకపోతే గుట్టు మాటలకి అంతకన్నా మంచి చోటు దొరకదని ఆ పుకారు పెంచిందీ అతనే. నల్లగడిని లైనులో లోపమనుకున్నాడు, పాపం. ఇప్పుడు ఆ లోపానికే చేతులు జోడించి, మా బావమరిదేనండీ, తప్పైపోయిందండీ అన్నాడు. మేడం కలం మూసేసింది.

బ్రిడ్జమ్మ మాత్రం ఆదరాబాదరాగా ఇల్లు చేరింది. దెయ్యానికి భయపడి కాదు. ఆ "నాయనా" అనే పిలుపు తను ఎక్కడో విన్నది...

తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. వెనకగదిలో చీకటి. చీకట్లో నీలంగా ఒక తెర... తెర ముందు జుట్టు విరబోసుకున్న ఆకారం... కటుక్కు... కటుక్కు...

"వచ్చావా? పల్లీకాయలు అయిపోవచ్చాయే," అంది అత్తగారు.

కిందటేడు కాలు విరిగినప్పుడు బ్రిడ్జమ్మ మూడు నెలలు ఇంట్లోంచే పనిచేసింది. అప్పుడు ఆఫీసువాళ్లు ఇచ్చిన తెర అది. కట్టు కట్టిన కాలితో రోజూ లేచి మీట నొక్కలేక, తొమ్మిదవగానే ఏడో బ్రిడ్జే ఇంటికి ఫోన్ చేసేలా, తెగితే మళ్లీ చేసేలా, ఇంట్లో తెర దానంతటదే అందుకునేలా పెట్టుకుంది. ఎప్పటినుంచి అన్నచోట తేదీ వేసింది. ఎప్పటిదాకా అన్నచోట ఖాళీ వదిలేసింది. రోజూ మీటింగు జాబితాలు చూసుకునే మనిషి బ్రిడ్జి లోపలి సెట్టింగు ఎందుకు చూస్తుంది? కెమెరా తనని గుడ్లురిమి చూస్తోందని అత్తగారు కాలికట్టుకి మిగిలిన ప్లాస్టరు ముక్క దాని మీద అంటించేసింది.

"రోజూ దీని ముందు ఎందుకు కూర్చుంటారత్తయ్యా?"

"మొదట్లో నువ్వు అందరికీ నమస్కారమండీ అనేదానివి. అది వినిపిస్తే ఇంట్లో మనిషి ఉన్నట్టుండేది. ఈమధ్య ఎవరూ రావట్లేదు. ఆ బావా బావమరదులతోనే కాలక్షేపం."

బ్రిడ్జమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సాయంత్రాలు ఈ ఇల్లు ఎంత ఖాళీగా ఉంటుందో ఇన్నాళ్లూ తనకి తట్టనే లేదు. అయినా ఉద్యోగం ఉద్యోగమే కదా. సెట్టింగులో ఎప్పటిదాకా అన్నచోట ఆనాటి తేదీ వేసేసింది.

మర్నాడు తప్పు ఒప్పుకుందామని పెద్దమేడం గదికి వెళ్లి, ఏడులో దెయ్యం వదిలిందండీ, అసలది ఎవరంటే... అని మొదలుపెట్టింది.

మేడం చెయ్యెత్తి ఆపింది. "ఎవరో నాకు చెప్పకు. మళ్లీ పిలవగలవా?"

"పిలవగలనండీ."

"అయితే కొనుగోళ్ల మీటింగులన్నీ ఇకనుంచి ఏడులోనే పెట్టు. రాత్రి తొమ్మిదికి."

ఆ సాయంత్రం డ్యూటీకి బయల్దేరే ముందు బ్రిడ్జమ్మ ఆ తేదీ చెరిపేసింది. అత్తగారి గిన్నెలో పల్లీకాయలు ఇంకో రెండు గుప్పెళ్లు ఎక్కువ పోసింది.