మ్యాట్ మధ్యలో వదిలిన బూట్లు

ముందు పెట్టిన మాంసం, బీన్స్ చిల్లీ కూర గిన్నె అలాగే వదిలేసి హార్లన్ బల్ల దగ్గర్నుంచి లేచిపోయాడు! పెళ్లయిన నాటి నుంచీ మార్లిస్ ఎన్నో చూసింది గానీ, తిండి దగ్గర అలిగి లేచిన భర్తని మాత్రం ఎన్నడూ చూడలేదు. దాల్చినచెక్క రొట్టె చుట్ట మీద చక్కెర పాకం ఇంకా కారుతూనే ఉంది. ఎదురుగా కూతురు అనీకా చెంచా పట్టుకుని బొమ్మలా కూర్చుంది. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురూ కలిసి తినే భోజనం అది. అయోవా రాష్ట్రపు చలికాలంలో ఆ వంటిల్లు ఒక్కటే తనకి వెచ్చగా ఉంటుందని అనీకా చిన్నప్పటి నుంచీ అంటుంది. అలాంటి వంటింట్లో ఇవాళ ఈ పిడుగు!

హార్లన్ ఆ ఊరి యూనివర్సిటీలో కుస్తీ కోచ్. అనీకా అదే యూనివర్సిటీ క్రీడల ఆఫీసులో రెండో అధికారి. ఆమె చెప్పింది ఒక్క ముక్కే.

"నాన్నా... ఈ ఏడాదితో కుస్తీ తీసేస్తున్నారు."

"ఎవరు తీసేసేది?"

"యూనివర్సిటీ."

"అంటే నువ్వు కాదూ?" అని కస్సుమన్నాడు హార్లన్. "మేం గెలుస్తున్నాం కదే! మొన్నటికి మొన్న కూడా గెలిచాం!"

అనీకా కళ్ళు దించుకుంది. "గెలుపు మాట ఆ మీటింగు గదిలో ఎవరూ ఎత్తనే లేదు నాన్నా. మనం పెద్ద యూనివర్సిటీల ఆటల కూటమిలో, ఆ కాన్ఫరెన్స్‌లో చేరుతున్నాం. టీవీ వాళ్ళు డబ్బిచ్చేది ఫుట్‌బాల్‌ని చూసి. ఆ డబ్బు పంచేది కాన్ఫరెన్స్. వాళ్ళ పోటీల్లో వాలీబాల్ ఉంది, ఈత ఉంది, కుస్తీ లేదు. వాళ్ళ దగ్గర లేని ఆటకి ఒక్క డాలరు కూడా విదల్చరు. పైగా కొత్తగా వచ్చామని మొదట్లో మనకి సగం వాటానే..."

"ఆ మాటలు అన్నప్పుడు నువ్వు ఆ గదిలోనే ఉన్నావా?"

"ఉన్నాను."

అంతే! కుర్చీ వెనక్కి నెట్టి, కోటు కూడా వేసుకోకుండా గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు ఆ పెద్దమనిషి. అక్కడ ఆయనకి పనేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

అనీకా గిన్నెలు కడిగే వంకతో సింక్ దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. మార్లిస్‌కి ఎటు చూసినా గుండెకోతే! అటు చూస్తే బతుకంతా ఆ కుస్తీ మ్యాట్ మీదే గడిపిన భర్త... ఇటు చూస్తే ఆ మ్యాట్ మీదే పాకుతూ పెరిగిన కూతురు. ఎవరి పక్షాన నిలబడుతుంది? ఎవరిని కాదంటుంది? తడి చేతులతోనే కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

"నువ్వు ఆ గదిలోంచి బయటికి వచ్చెయ్యాల్సింది తల్లీ! కూతురివి కదా, ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు."

"వెళ్ళిపొమ్మన్నారమ్మా. నేనే వెళ్ళలేదు!" ముక్కు తుడుచుకుంది అనీకా. "ఈ వేసవితోనే కుర్రాళ్ళ స్కాలర్‌షిప్‌లు కూడా ఆపేద్దామన్నారు. నేను లేచిపోతే వాళ్ళ తరఫున మాట్లాడేదెవరు? కుస్తీ కోసం ఇక నోరెత్తనని ఒప్పుకున్నాను... చదువు పూర్తయ్యేదాకా పిల్లలందరికీ డబ్బు ఆగకూడదని పట్టుబట్టాను. అది ఇచ్చి ఇది తెచ్చుకున్నానమ్మా!"

"మరి ఆ మాట నాన్నతో చెప్పవేం పిచ్చిదానా?"

"వద్దు. ఆయన ఎవరో ఒకర్ని తిట్టుకోవాలి కదా? కాన్ఫరెన్స్‌ని తిట్టుకుంటే ఏమొస్తుంది, దానికి మొహం కూడా లేదు. నన్నే తిట్టుకోనీ..."

ఎంత మాట! నిన్న మొన్న బూటు లేసులు కట్టడం నేర్చుకున్న పిల్ల ఇంత ఎప్పుడు ఎదిగిందో మార్లిస్‌కి అర్థం కాలేదు. చెప్పనని మాటైతే ఇచ్చింది గానీ, గుండెలో కుంపటి పెట్టుకున్నట్టే ఉంది ఆమెకి.

తర్వాతి ఆదివారం బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ. హార్లన్ కూతురి ఫోన్ ఎత్తలేదు. "చివరి పోటీకి ఆ పిల్ల రాకూడదు. వచ్చిందంటే నేను మ్యాట్ ఎక్కను," అని తెగేసి చెప్పాడు. పట్టు పడితే విడవని మనిషి, ఆ గుణం మ్యాట్ దగ్గర దింపి ఇంటికి వస్తే ఎంత బాగుండేది!

చివరి పోటీ రోజు మధ్యాహ్నం, బరువులు చూసుకున్న వెంటనే కుర్రాళ్ళంతా ఎప్పట్లాగే మార్లిస్ వంటింట్లోకి వచ్చిపడ్డారు. బరువు తగ్గించుకోవడం కోసం రెండ్రోజులుగా నోరు కట్టుకున్న ప్రాణాలు పాపం! వాళ్ళకి నూడుల్స్, బంగాళాదుంపల వేపుడు వడ్డిస్తుంటే ఆమెకి కడుపు నిండేది. రేపటి నుంచి ఇంత పెద్ద గిన్నె ఎందుకు... అనుకుంది.

జట్టులో అందరికంటే బరువైన డటన్ నోటినిండా పెట్టుకుని, "కోచ్, మీకు తెలుసా? మా స్కాలర్‌షిప్‌లు ఆగవట! చదువు అయ్యేదాకా ఇస్తారట. పొద్దున్నే చెప్పారు," అన్నాడు.

హార్లన్ మొహం విప్పారింది. పక్షం రోజులుగా ఆయనకి నిద్ర పట్టనిది ఈ దిగులుతోనే. "పోనీలే! ఆ గదిలో మనసున్న మనిషి ఒక్కడైనా ఉన్నాడన్నమాట!"

మార్లిస్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. సింక్ దగ్గర కూతురి ఏడుపూ గుర్తొచ్చింది.

"ఒక్కడు కాదు హార్లన్... ఒక్కతి," అంది. "ఆదివారాలు ఆ కుర్చీలో కూర్చుని తినేది. నువ్వు తిట్టుకోవడానికి ఎవరో ఒకరుండాలని నోరు మూసుకుంది!"

కుర్రాళ్ళంతా తలలు దించుకుని పళ్ళాలు చూసుకున్నారు. హార్లన్ ఆ ఖాళీ కుర్చీ వంక చూశాడు. వాళ్ళంతా వెళ్ళాక, "ఫోన్ చెయ్యరాదూ?" అని మార్లిస్ బతిమాలింది.

"ఫోన్‌లో ఏమని చెప్పను మార్లిస్?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

బయల్దేరే ముందు ఎప్పటిలాగే స్టూలు మీద కాలు పెట్టాడు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక వంగలేడు. మల్లయోధుల బూటు లేసులు ఊడకుండా పైన టేపు చుడతారు. ఒకప్పుడు ఆ పని అనీకాది. తండ్రి బూటు మీదే ముడి వెయ్యడం నేర్చుకుంది, కాలేజీకి వెళ్ళేదాకా ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు మార్లిస్ చుడుతోంది... చుడుతూనే ఉంది.

"ఇవాళ విప్పేసేవే కదా, ఇంత టేపెందుకు? దండగ!" అని విసుక్కున్నాడు హార్లన్.

"చివరి రోజు ఊడిపోతే బాగుండదు. కదలకు!" అంది మార్లిస్.

ఆ సాయంత్రం జిమ్ కిటకిటలాడిపోయింది. డటన్ ఆఖరి కుస్తీ గెలిచాడు, జట్టూ గెలిచింది. అయినా ఏం లాభం? కుస్తీకి సెలవు చెప్పేవాడు మ్యాట్ మధ్యలో బూట్లు విడిచి వెళ్ళాలి. మామూలుగా చదువు పూర్తయ్యేవాళ్ళే విడుస్తారు. ఇవాళ మొన్నమొన్న చేరిన పసివాళ్ళు కూడా వరసగా వచ్చి విప్పి పెట్టారు! జత పక్కన జత... చూస్తున్న తల్లులు కొంగు లేక చేతి రుమాళ్ళతో కళ్ళొత్తుకున్నారు.

చివరగా హార్లన్ నడిచాడు. మధ్యకి వెళ్ళి వంగబోయాడు. మోకాలు వంగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. డటన్ ముందుకి రాబోతే చేత్తో ఆపేశాడు. అంత మందిలో, తన బూటు తాను విప్పుకోలేక నిలబడిపోయాడు ఆ మొండి మనిషి!

"లే మార్లిస్, వెళ్ళు!" అని పక్కావిడ మోచేత్తో పొడిచింది. మార్లిస్ ప్రాణం విలవిల్లాడింది. ఎన్నేళ్ళుగానో ఆయన తడబడిన ప్రతిచోటా ముందు లేచింది తనే కదా! కానీ ముందు వరసలో తన కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఈసారి మాత్రం నేను లేవను... లేవకూడదు!

అప్పుడు వెనక తలుపు దగ్గర జనం కదిలారు. ఆఫీసు కోటుతో అనీకా! "ఇంకా ఏ మొహం పెట్టుకుని వచ్చింది?" అని ఎవరో గట్టిగానే అన్నారు. ఆ పిల్ల వినిపించుకోలేదు. మ్యాట్ అంచు దగ్గర ఆగి, వీధిలో తిరిగిన తన జోళ్ళు విడిచింది. మేజోళ్ళతో మ్యాట్ మీదకి నడిచింది. అలా నడవాలని ఆమెకి నేర్పినవాడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. వచ్చి, తండ్రి కాళ్ళ దగ్గర మోకరిల్లింది.

జిమ్ అంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, ముందు వరసలో ఉన్న మార్లిస్‌కి ప్రతి మాటా వినిపించింది.

"ఇన్ని చుట్లేంటి నాన్నా! గోరు కూడా దిగట్లేదు... ఎవరు వేశారు?"

"మీ అమ్మ." హార్లన్ తలెత్తి భార్య వంక చూశాడు. ఆయనకి ఇప్పుడు తెలిసింది. "నేను విప్పుకోలేనని తెలుసు. నువ్వొస్తావనీ తెలుసు."

కూతురి తల మీద ఆయన చెయ్యి మెల్లగా వాలింది.

"నిదానంగా తియ్యి తల్లీ... నాకేం తొందర లేదు."