రెండో స్టేజీలో నవ్వు

కల్వర్ సిటీలోని ఆ చిన్న స్టూడియోలో రెండో నంబరు షూటింగు స్టేజీకి మంచి పేరు లేదు. రాత్రిపూట అక్కడ ఎవరో నవ్వుతారని పనివాళ్ళు గుసగుసలాడేవారు. నవ్వి... ఆ వెనకే రెండుసార్లు దగ్గుతారట.

సినిమాలకు కొత్తగా మాటలొచ్చిన రోజులవి. ఇరవై నిమిషాల హాస్యచిత్రాలు తీసేవాళ్ళకు అవి ఊపిరాడని రోజులు. పగలు ట్రాముల గోల కాబట్టి షూటింగు రాత్రే. శబ్దం పడుతోందని ఎర్రదీపం వెలిగితే తుమ్మడానికి కూడా వీల్లేదు.

మూకీల కాలంలో ఈ బాధ లేదు. సెట్టు మూలన ఎజ్రా పిమ్ అనే ముసలాయన పియానో వాయిస్తూ, నటుడు జారిపడగానే అందరికంటే ముందు పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వును బట్టే కమెడియన్ ఫెస్టస్ ముల్డూన్ తన చేష్టను సాగదీయాలో ఆపాలో తేల్చుకునేవాడు. మాటలు రాగానే పియానో వద్దన్నారు. ఎజ్రాను ఇంటికి పంపేశారు. ఆ చలికాలం దాటకుండానే ఆయన పోయాడు.

ఆ తర్వాత ఫెస్టస్ చేసిన రెండు మాటల చిత్రాలకూ జనం నవ్వలేదు. మూడోదీ పోతే ఆయనా ఇంటికే. దాని చివరి దృశ్యం తెల్లారేలోపు పూర్తికావాలి.

శబ్దం పట్టే వెండెల్ అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. సెట్టులో ఫెస్టస్ బూట్లు చేతబట్టుకుని, నిద్రపోతున్న అత్తగారి పక్కనుంచి పిల్లిలా నడుస్తున్నాడు. గోడగడియారంలోంచి కోకిలబొమ్మ బయటికొచ్చింది. దాన్ని టోపీతో మూసేశాడు. అది టోపీలోంచే కూసింది...

హెడ్‌ఫోన్లలో ఫక్కుమని నవ్వు. ఖళ్... ఖళ్.

"ఎవడయ్యా నవ్వింది?" వెండెల్ తలుపు తోసుకుని వచ్చాడు.

ఎవరూ నవ్వలేదు. మళ్ళీ తీశారు. మళ్ళీ అదే నవ్వు. మూడోసారి, నాలుగోసారి... కెమెరా గది వెతికారు, పైన దీపాలు బిగించిన చెక్కలు వెతికారు. అయిదోసారీ అదే.

"నవ్వు మాకెవరికీ వినపడదు, నీకే వినపడుతుంది," అన్నాడు దర్శకుడు. "దెయ్యం పట్టింది స్టేజీకా, నీ పెట్టెకా?"

వెండెల్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. శబ్దం పట్టిన మైనపు రికార్డు తిప్పి అందరికీ వినిపించాడు. నవ్వు... రెండు దగ్గులు. ఫెస్టస్ మొహం పాలిపోయింది.

"ఎజ్రా," అన్నాడు మెల్లగా.

కిటికీ అంచు తెల్లబడుతోంది. వెండెల్ ఇక ఆగలేకపోయాడు. తిన్నగా వెళ్ళి, ఒకప్పుడు పియానో ఉన్న ఖాళీ మూల ముందు నిలబడ్డాడు. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

"తాతా, నీ పుణ్యముంటుంది. ఈ ఒక్కసారి నోరు మూసుకో. నువ్వు నవ్వితే ఫెస్టస్ గారి పొట్ట కొట్టినట్టే."

ఆరోసారి తీశారు. నవ్వు లేదు. దగ్గు లేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు, ఒక్క ఫెస్టస్ తప్ప.

"ఇంకోసారి చేద్దాం అబ్బాయ్. ఆయన నవ్వలేదు... అంటే బాగా రాలేదు."

"మీకు దణ్ణం పెడతాను, ఇంటికెళ్ళండి," అన్నాడు వెండెల్ ఏడుపుగొంతుతో.

పదిరోజులకు, పక్క ఊళ్ళోని ఓ థియేటర్లో ఆ చిత్రం మొదటిసారి వేశారు. ఫెస్టస్, వెండెల్ మధ్య వరసలో కూర్చున్నారు. అత్తగారు నిద్రపోయింది. ఎవరూ నవ్వలేదు. కోకిల బయటికొచ్చింది. ఎవరో సీట్లో కదిలారు, అంతే. ఫెస్టస్ టోపీని ఒళ్ళో నలిపేస్తున్నాడు. అంత కష్టపడి శుభ్రంగా పట్టిన శబ్దం ఇలా చచ్చినట్టు పడుంటే వెండెల్‌కు తన మీద తనకే అసహ్యమేసింది.

టోపీలోంచి కోకిల కూసింది.

వెనకనుంచి ఫక్కుమని ఒక్క నవ్వు.

దాన్ని విని పక్కవాళ్ళు నవ్వారు. వాళ్ళను చూసి ముందు వరసలు... హాలంతా కడుపు పట్టుకుని నవ్వింది. ఆ గోలలోనే వెండెల్‌కు వినపడింది... ఖళ్, ఖళ్.

వెనక్కి తిరిగాడు. చివరి వరస ఖాళీ. ఆ వెనక, మాటలొచ్చాక మూలకు నెట్టేసిన థియేటరు పియానో దుప్పటి కప్పుకుని ఉంది. దాని ముందున్న స్టూలు... నెమ్మదిగా తిరుగుతోంది.

ఫెస్టస్ తిరిగి చూడలేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

"నువ్వు నోరు మూసుకోమంది స్టేజీలో కదా అబ్బాయ్," అన్నాడు. "ఇక్కడ కాదుగా."