మూడు వన్స్‌మోర్‌లు

పోస్టరు మీద నలభై మంది కళాకారులు, లైవ్ ఆర్కెస్ట్రా అని ఉంది. బస్సులోంచి పదకొండు మంది దిగారు. అందులో ఒకడు డ్రైవరు.

లెక్కపెట్టింది హేమ. టాటానగర్ స్టేషన్లో టికెట్ కౌంటరు ఉద్యోగం కాబట్టి మనుషులు కనిపిస్తే లెక్కపెట్టడం ఆమెకి అలవాటైపోయింది. గోల్‌మురిలో తెలుగు సంఘం హాలు గేటు దగ్గర మెడలో బ్యాడ్జీతో నిలబడ్డ ప్రవీణ్‌ని నిలదీసింది.

"బాకీ ముప్పై మందీ వెయిటింగ్ లిస్టా?"

"వెనకాల బండిలో వత్తన్నారు."

వెనకాల బండి లేదని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. హేమ ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. రిజర్వేషన్ లేకుండా ఏసీ బోగీ ఎక్కినవాణ్ణి అలాగే చూస్తారు.

ప్రవీణ్ స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు క్రేన్ ఆపరేటరు. సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి కూడా. ఎన్నిక రోజు మీటింగుకి రానివాణ్ణి ఆ పదవికి ఎన్నుకోవడం సంఘం ఆనవాయితీ. అతను వైజాగ్ నుంచి ఈ సంగీత నాటకాన్ని రప్పించింది కళాసేవ కోసం కాదు, హేమ కోసం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, హేమ వాళ్ళ నాన్న నీలకంఠం కోసం.

నీలకంఠం రిటైరైన రైల్వే గార్డు. ఆయన తాత శ్రీకాకుళం నుంచి ఈ ఊరికి తెచ్చుకున్న ఆస్తల్లా స్టేజి పద్యాల పిచ్చి. పంపకాల్లో అది మొత్తం ఈయన వాటాకే వచ్చింది. పద్యం నచ్చితే లేచి నిలబడి చెయ్యెత్తి "వన్స్‌మోర్" అంటాడు. అంటే నటుడు మళ్ళీ మొదట్నుంచీ పాడాలి. మూడు వన్స్‌మోర్‌లు పడ్డ నాటకం చూసినరోజు ఇంట్లో ఎవరేమడిగినా ఆయన కాదనడు. భార్య నూకమ్మకి వాషింగ్ మెషీన్ అలాగే వచ్చింది. హేమ ఉద్యోగం చేస్తానంటే ఒప్పుకున్నదీ అలాంటి రోజే. ఆరేళ్ళుగా ఊళ్ళోకి మంచి నాటకం రాలేదు. దాంతో ఇంట్లో నిర్ణయాలన్నీ పెండింగులో పడ్డాయి.

ఆ పెండింగులో ప్రవీణ్ ఒకడు. ఏడాదిన్నరగా అగ్రికో మార్కెట్లో గప్‌చుప్ అనే పానీపూరీల బండి దగ్గర హేమని కలుస్తున్నాడు. ఊళ్ళో పెద్దవాళ్ళందర్నీ "బాబాయ్" అని పిలిచే మనిషి, నీలకంఠాన్ని మాత్రం జాగ్రత్తగా "అంకుల్" అంటాడు. బాబాయ్ అంటే హేమ చెల్లెలైపోతుంది.

నాన్నతో నువ్వే మాట్లాడాలి, అదీ మూడు వన్స్‌మోర్‌లు పడ్డాకే అని హేమ షరతు పెట్టింది. టైము కూడా లేదు. వచ్చే ఆదివారం పర్సుడీహ్ నుంచి ఆమెని చూడ్డానికి వస్తున్నారు. అబ్బాయికి సొంత ఫ్లాటు ఉంది, సొంత కారు ఉంది. సొంత అభిప్రాయాలు వాళ్ళమ్మ దగ్గర ఉన్నాయి.

మధ్యాహ్నం మూడింటి నాటకం నాలుగున్నరకి మొదలైంది. ముందు వరస వీఐపీలది. తెలుగువాళ్ళంతా వీఐపీలే కావడంతో ముందు వరస ఆరు వరసలైంది. సంఘం అధ్యక్షుడు గణపతిరావు మే నెల ఎండలో పద్దెనిమిది మందికి శాలువాలు కప్పాడు. పంతొమ్మిదోది, ఎవరో బలవంతపెడుతున్నట్టు మొహం పెట్టి, తనే కప్పించుకున్నాడు.

తెర లేచింది. ఒక రాజు, ఒక రాణి, ఒక శాపం. అంతఃపురం అంతా వెనకాల ఎల్‌ఈడీ తెర మీదే ఉంది. సింహాసనం పక్కన బ్యాటరీ పన్నెండు శాతమే ఉందని వచ్చింది. పిల్లలు ఫోన్లు చూస్తున్నారని పెద్దవాళ్ళు తిట్టి, ఆ ఫోన్లు లాక్కుని నాటకాన్ని వీడియో తీశారు.

రాజు మొదటి పద్యం ఎత్తుకున్నాడు. గొంతు అద్భుతం. చివర్లో ఆలాపన ఎంత సాగిందంటే, మధ్యలో రాజు రెండుసార్లు దగ్గాడు. గొంతు మాత్రం ఆగలేదు.

ప్రవీణ్ గబుక్కున వీఐపీల వైపు చూశాడు. నీలకంఠం కళ్ళు మూసుకుని వింటున్నాడు కాబట్టి ఆ దగ్గు చూడలేదు. లేచి నిలబడి, చెయ్యెత్తాడు.

"వన్స్‌మోర్."

రాజు బిగుసుకుపోయాడు. స్టేజి పక్కన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న పెద్దమనిషి కంగారులో చేతికందింది నొక్కాడు. రాణి విలాపం మొదలైంది. గుబురు మీసాల రాజు నోటంట సన్నటి ఆడగొంతు, భర్త వియోగం భరించలేనని మొరపెట్టుకుంది. రాజు అనుభవమున్నవాడు. పమిట లేదు కాబట్టి ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

హాలు గొల్లుమంది. తర్వాత మండిపడింది. ఫ్రీ పాసుల మీద వచ్చినవాళ్ళు పైసా వాపస్ అన్నారు. శాలువాలు కప్పుకున్నవాళ్ళు ఇది మాకు ముందే తెలుసన్నారు. గణపతిరావు మైకందుకుని, ఇదొక సాంకేతిక ప్రయోగమని చెప్పి వందన సమర్పణ మొదలుపెట్టాడు.

నీలకంఠం ఒక్కడే నవ్వలేదు. ముప్పై ఏళ్ళు పచ్చజెండా ఊపిన చెయ్యి ఇంకా పైకే ఉంది. దాన్ని ఎలా దించాలో ఆయనకి తెలియనట్టుంది.

"ఎవుడు తెచ్చినాడు ఈళ్ళని?" అన్నాడు.

కమిటీ మొత్తం ఒకేసారి ఫోన్లు చూసుకుంది. పోస్టరు మీద ప్రవీణ్ ఫోటో లేదు, పేరు లేదు. నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. హేమ కూడా దూరం నుంచి వద్దని తల ఊపింది. కానీ అతను ఆ ఎత్తిన చేతినే చూస్తున్నాడు. మెట్లెక్కి గణపతిరావు దగ్గర మైకు తీసుకున్నాడు.

"నేనే అంకుల్. మూడు నిమిషాల వీడియో చూసి పిలిచేసినాను. తప్పు నాది."

"నీకు నాటకాలంటే అంత ఇష్టమేటి?"

"లేదంకుల్. నాకు హేమంటే ఇష్టం."

కమిటీ మొత్తం ఒకేసారి ఫోన్లలోంచి తలలెత్తింది. ప్రవీణ్ ఆపలేదు.

"మీరు మూడు వన్స్‌మోర్‌లు అన్నాక అడుగుదామనుకున్నాను. ఒకటే పడింది. అదీ దొంగది. అయినా అడుగుతన్నాను. మీ హేమని నాకిచ్చి పెళ్ళి సెయ్యండి."

ల్యాప్‌టాప్ పెద్దమనిషి తన తప్పు దిద్దుకుందామని వెనకాల వయొలిన్ పెట్టాడు.

"ఆ మ్యూజిక్ ఆపించు," అన్నాడు నీలకంఠం. ఆగింది. ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఏటే, నీకు తెలుసా ఇదంతా?"

"ప్యార్ సంగతి తెలుసు నాన్నా. మైకు సంగతి తెల్దు."

నీలకంఠం ప్రవీణ్ పెదాల్ని చూశాడు. తర్వాత గోడకున్న స్పీకర్ని చూశాడు.

"ఇది రికార్డు కాదు కదా?"

"కాదంకుల్."

"అయితే మైకెట్టీ. వన్స్‌మోర్."

ప్రవీణ్ మైకు కింద పెట్టి మొదట్నుంచీ అందుకున్నాడు. "మీ హేమని" అనే చోట దగ్గొచ్చింది. దగ్గగానే గొంతు ఆగిపోయింది. అది గమనించి నీలకంఠం తృప్తిగా తలూపాడు.

"వన్స్‌మోర్."

మూడోసారీ చెప్పాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. చెప్పడం అయ్యాక నీలకంఠం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన కూర్చున్నాడు.

"మూడోది అనాల్సింది నేను కాదు," అన్నాడు.

అందరూ హేమ వైపు తిరిగారు. ఆమెకేం తొందర లేదు. కౌంటరు ముందు ఎంత పెద్ద క్యూ ఉన్నా ఆమె టైము ఆమెదే.

"వెనకాల బండి వత్తందన్నావు," అంది.

"ఇంకెప్పుడూ అలా చెప్పను."

"పక్కా?"

"పక్కా."

"అయితే వన్స్‌మోర్."

ఆదివారం రావద్దని చెప్పడానికి నూకమ్మ అప్పటికే పర్సుడీహ్‌కి ఫోన్ కలుపుతోంది. ప్రవీణ్ నాలుగోసారి అందుకున్నాడు. ఈసారి "అంకుల్" తీసేసి "మావయ్యా" అని మొదలుపెట్టాడు. వెనకాల నిలబడ్డ రాజు, అలవాటు కొద్దీ, అతనితోపాటు పెదాలు కదిపాడు.